ఒకటో వేలు చిటికెన వేలు

మా వదిన పోయిందన్న కబురు అమ్మ నోటి నుంచే విన్నాను. నేను అనంతపురంలో ఒక ప్రెస్సులో పనిచేస్తున్నాను. మిషన్ల చప్పుడుకు ఫోను సరిగా వినపడక బయటికొచ్చి, ఎండలో నిలబడి, చెవికి గట్టిగా ఆనించుకున్నాను. "పోయిందప్పా," అన్నది అమ్మ. ఏడవలేదు. నేను ఏదో అనబోయేంతలో తనే అడిగింది, "వాయించేకి ఎవురుండారప్పా ఇప్పుడు?"

మనిషి పోయిందని చెప్పిన మరుక్షణం ఇలాంటి ప్రశ్న అడిగితే వినేవాళ్ళకు వింతగానే ఉంటుంది. గుత్తిలో మా చర్చి వాళ్ళకు వింత కాదు. కొన్నేళ్ళుగా మా సంఘంలో ఎవరు పోయినా సమాధుల తోట దాకా వెంట వచ్చి పాటకు వాయించింది మా వదినే. ఇంకొకరు లేరు. అందుకే అమ్మకు ముందు ఆ దిగులు పట్టుకుంది. ఊళ్ళో అందరూ 'పియానో అక్క' అని పిలిచిన ఆ మనిషి ఆ విద్య ఎలా నేర్చుకుందో, ఎందుకు నేర్చుకుందో, దానికి ఏం చెల్లించిందో తెలిసినవాణ్ణి నేనే కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మొదలు మా అన్న చావుతో. అన్న రైలు పట్టాల మరమ్మతు గ్యాంగులో ఉండేవాడు. తొంభైల చివర ఒక ఎండాకాలం పట్టాల పక్కనే కూలబడిపోయాడు. కొందరు గుండె అన్నారు, కొందరు వడదెబ్బ అన్నారు. పెళ్ళై ఎంతో కాలం కాలేదు, పిల్లలు లేరు. అంతకుముందు మా చర్చిలో పియానో వాయించేది ఒక స్టేషను మాస్టరు గారి భార్య. వాళ్ళకు బదిలీ అయింది. రైల్వే ఊళ్ళలో ఇదొక తంటా, అలవాటైన మనిషి ఒక పొద్దున సామాను సర్దుకుని రైలెక్కి వెళ్ళిపోతుంది. ఆమె వెళ్ళాక, దొరల కాలం నాటి ఆ పియానో మూతకు తాళం పడింది. అందుకని అన్నను సాగనంపేటప్పుడు పాస్టరు గారు టేపురికార్డరు తెప్పించారు.

సమాధుల తోటలో కరెంటు ఉండదు. బ్యాటరీలు వేశారు, అవి పాతవి. పాట సగానికి వచ్చేసరికి టేపు నీరసించింది. పాడే ఆమె గొంతు సాగి సాగి మగగొంతైంది, ఆ తర్వాత మూలుగైంది. దానితో కలిసి ఎలా పాడాలో తెలియక జనం ఒక్కొక్కరే ఆపేశారు. మా అన్న పెట్టె గుంటలోకి దిగుతుంటే వినపడింది ఆ మూలుగు ఒక్కటే. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు కూడా. వాళ్ళను తప్పు పట్టను, వినడానికి అది అలాగే ఉంది.

చాలా రోజుల తర్వాత, పొయ్యి దగ్గర కూర్చుని ఉండగా వదిన నాతో అన్నది: "మీ అన్న మొకం అన్నా మర్సిపోతానేమో గానీ ఆ టేపు గొంతు మర్సిపోలేనప్పా. అట్ల ఇంగెవురినీ పంపకూడదు."

అన్న ఉద్యోగం బదులుగా వదినకు స్టేషన్లో పని ఇచ్చారు. వెయిటింగు హాలు ఊడ్చి తుడవడం, నీళ్ళు పట్టడం. ఆమె చదువు పదో తరగతి. నేనేమో డిగ్రీ తప్పి, బస్టాండు దగ్గర చిన్న గదిలో నెట్టు సెంటరు పెట్టుకున్నాను. పరీక్షల ఫలితాలు వచ్చే రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండేది కాదు, మిగతా రోజుల్లో ఈగలు తోలుకోవడమే. ఒక మధ్యాహ్నం వదిన డ్యూటీ దిగి, నాకు క్యారియరు తెచ్చి పెట్టి, వెళ్ళకుండా నిలబడింది.

"దీంట్లో లేనిదే ల్యాదంటావు గదప్పా. పియానో వాయించేది కూడా నేర్పిస్తారా?"

"నేర్పిస్తారేమో వదినా. యేంటికి?"

"వూరికేనే నేర్పిస్తారా?"

"వూరికేనే."

"అయితే సూడు రొంత."

వెతికితే దండిగా దొరికాయి. ఏ దేశంలోనో ఉన్న పుణ్యాత్ములు పాఠాలు రాసి, ఎవరైనా చదువుకోండని పెట్టేశారు. మా అవస్థ అంతా లైనుతోనే. ఫోను తీగ మీద నడిచే నెట్టు అది. ఒక బొమ్మ దిగేలోపు బస్టాండుకు పోయి టీ తాగి రావచ్చు. అందుకని నేను కంప్యూటర్లలో బొమ్మలు రాకుండా ఆపేసి పెట్టేవాణ్ణి. అక్షరాలు మాత్రం గబగబా వచ్చేవి. ఆ అక్షరాలనే అచ్చు తీసి ఇచ్చాను. వదిన ఒక పాత డిక్షనరీ పక్కన పెట్టుకుని, స్టేషను వెయిటింగు హాల్లో రైలుకూ రైలుకూ మధ్య కూర్చుని చదివేది. అర్థం కానిచోట పెన్సిలుతో గీత గీసుకుని నా దగ్గరికి తెచ్చేది. నా ఇంగ్లీషు అంతంత మాత్రమే. ఇద్దరం కలిసి కుస్తీ పట్టేవాళ్ళం.

పాఠంలో ఏ మెట్టును ఏ వేలితో నొక్కాలో అంకెలు వేసి ఉండేవి. వేళ్ళకు ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. ఏది ఒకటో వేలు అనేది మాటల్లో లేదు, పైన బొమ్మలో చూడమని ఉంది. ఆ బొమ్మ మాకు రాలేదు. దాని కోసం ఆగాలని కూడా మా ఇద్దరికీ తోచలేదు. ఎందుకు తోస్తుంది? మీరే మీ ఇంట్లో పెద్దవాళ్ళను వేళ్ళ మీద ఏదైనా లెక్కపెట్టమని అడిగి చూడండి. బొటనవేలు పోయి చిటికెన వేలి అడుగు గీత మీద ఆగుతుంది, లెక్క అక్కణ్ణించి మొదలవుతుంది. పాడి లెక్క, కూలి లెక్క, పండగకు ఉన్న రోజుల లెక్క, అన్నీ మా అమ్మ అలాగే పెట్టేది. ఒకటో వేలు చిటికెన వేలు. ఐదోది బొటనవేలు. ఇందులో అనుమానానికి తావేముంది?

ఏ చెయ్యి అనేదానికి పాఠంలో రెండేసి ఇంగ్లీషు అక్షరాల గుర్తులు ఉండేవి. అవి కుడి ఎడమలకు గుర్తులని, వాటి వివరం కూడా ఆ బొమ్మ పక్కనే ఉందని మాకు చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వదిన తనంతట తాను తేల్చుకుంది. చిటికెన వేలు ఒకటి అనుకుని చూస్తే, పైస్వరాల్లో నడిచే పాట కుడిచేతికి ఎంత తిప్పినా కుదరలేదు, ఎడమచేతికి చక్కగా కుదిరింది. కింద నడిచే బరువు స్వరాలు కుడిచేతికి కుదిరాయి. పియానో మీద పైస్వరాలు కుడివైపున, బరువు స్వరాలు ఎడమవైపున ఉంటాయి. అంటే ఎడమచెయ్యి కుడివైపుకు పోవాలి, కుడిచెయ్యి ఎడమవైపుకు రావాలి. చేతులు రెండూ అడ్డంగా, కుడిచేతి మీదుగా ఎడమచెయ్యి వేసి వాయించాలన్నమాట. "దొరసానులది అంతా వొంకర పద్దతేనప్పా," అని నవ్వి, అలాగే మొదలుపెట్టింది.

మొదట్లో మా సెంటర్లో, కంప్యూటరు అక్షరాలు నొక్కితే స్వరాలు పలికే ఉచిత ప్రోగ్రాము ఒకటి దించి పెట్టాను. చిన్న స్పీకర్లోంచి కీచుమని వచ్చేది. కస్టమర్లు వస్తే లేచి వెళ్ళిపోయేది. ఇక ఇంట్లోనైతే, నడవలో పరిచిన నాపరాతి బండ మీద సుద్దముక్కతో పియానో మెట్లు గీసుకుంది. కరెంటు ఉన్నా లేకున్నా ఆ బండకు పనిలేదు. దాని ముందు గొంతుకూర్చుని, చేతులు అడ్డంగా వేసి, పెదాలు కదుపుకుంటూ వేళ్ళు ఆడించేది. చప్పుడు ఉండదు. గోళ్ళు రాతికి తగిలే టకటక తప్ప.

మా అమ్మకు ఒళ్ళు మండిపోయేది. పక్కనే చాట పెట్టుకుని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తూ, వదినకు కాకుండా గోడకు చెప్పేది. "మొగుడు పోయినాడు, వానలు పోయినాయి, బోరు ఎండిపోయింది. ఈమె మాత్రం బండ గోక్కుంటా కూసోనుండాది. సూసినోళ్ళు పిచ్చి పట్టిందంటారు."

"పిచ్చి పడితే మంచిదే కదత్తా, బాద తెలీదు," అనేది వదిన, వేళ్ళు ఆపకుండా. అమ్మ కాయలు ఇంకా గట్టిగా ఒలిచేది.

ఆ తర్వాత తన జీతంలోంచి బ్యాటరీలతో నడిచే చిన్న కీబోర్డు కొనుక్కుంది. అదీ వచ్చాక, ఒక ఆదివారం ఆరాధన అయిపోయి అందరూ లేస్తుంటే, సంఘ పెద్ద దగ్గరికి వెళ్ళి పియానో తాళం అడిగింది. ఆయన ఎగాదిగా చూసి ఇచ్చాడు. మూత తీస్తే లోపలంతా చెదల మట్టి. మా ఎండలకు కొయ్య ఎండి, కొన్ని మెట్లు నొక్కితే లోపలికి పోయి అక్కడే ఉండిపోయాయి, కొన్ని మూగబోయాయి. వదిన మట్టి దులిపి, మూగ మెట్లు ఏవో ఒక్కొక్కటే నొక్కి చూసుకుని, స్టూలు మీద కూర్చుని, చేతులు అడ్డంగా వేసింది. జనం ఆగిపోయి చూశారు. స్టేషను మాస్టరు గారి భార్య వాయించేటప్పుడు మాకు ఆమె వీపు మాత్రమే కనపడేది కాబట్టి, చేతులెలా పెట్టేదో ఎవరికీ తెలియదు. ఇలాగే కాబోలు అనుకున్నారు. వదిన వాయించింది చిన్న పాట. రెండు చోట్ల మూగ మెట్టు తగిలి స్వరం ఎగిరిపోయింది, అక్కడ తను నోటితో అందుకుంది. గొప్పగా వాయించిందని నేను చెప్పను. ఆ రోజనే కాదు, చివరి దాకా ఆమెకు వచ్చింది మొదటి తరగతి పిల్లలు వాయించేపాటి విద్యే. సంఘ పెద్ద మాత్రం తాళం మళ్ళీ వెనక్కి అడగలేదు.

ఆదివారాలు ఆమెకు ఒక లెక్క కాదు. ఆమె నేర్చుకున్నది చావుల కోసం. వరసగా కరువులు వచ్చిన ఏళ్ళవి. మీలో మా వైపు వాళ్ళుంటే వేరే చెప్పక్కర్లేదు. గుత్తి కొండ మీద నుంచి వేడి గాలి దిగేది. సమాధుల తోటలో నేల రాయి కట్టుకుపోయి, గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచేవి. పెట్టె తోటకు చేరేసరికి గుంట పూర్తయ్యేది కాదు. చనిపోయినవాళ్ళ తల్లీ పెళ్ళామూ పక్కన నిలబడి ఉంటే, ఇంకోపక్క గడ్డపార ఖంగు ఖంగుమంటుండేది. అంత ఘోరమైన చప్పుడు నేనింకొకటి వినలేదు. వదిన కీబోర్డును ఏదో ఒక సమాధి దిమ్మె మీద పెట్టుకుని, గుంట తవ్వేవాళ్ళు గడ్డపార దించే దాకా వాయిస్తూనే ఉండేది. వచ్చిన కొద్ది పాటలనే తిప్పి తిప్పి వాయించేది. ఎండకు మెట్లు కాలుతుంటే కొంగు తడిపి తుడుచుకునేది.

ఆమె దగ్గర ఇంకొక పద్ధతి ఉండేది. వాయించేటప్పుడు పాటల పుస్తకం వైపు చూసేది కాదు. చనిపోయినవాళ్ళ మనుషుల ముఖం చూసేది. పాట మధ్యలో ఆ తల్లికో భార్యకో దుఃఖం తన్నుకొచ్చి గొంతు ఆగిపోతే, వదిన కూడా ఆ స్వరం మీదే ఆగిపోయేది. నొక్కిన వేలు తీసేది కాదు. జనం అంతా ఆగేవాళ్ళు. ఆ మనిషి కన్నీళ్ళు తుడుచుకుని ఊపిరి తీసుకున్నాకే తర్వాతి చరణం. మొదట్లో పాస్టరు గారు గబగబా కానిమ్మని సైగ చేసేవారు. ఆమె చూసీ చూడనట్టు ఉండేది.

ఒకసారి నేనే అడిగాను, ఇప్పుడు మంచి క్యాసెట్లు, సీడీలు వచ్చాయి కదా, ఇంత కష్టం ఎందుకు వదినా అని.

"టేపు ఆగదప్పా," అన్నది. "దాని పాటికి అది పోతాది. మనిసి ఏడ్సేకి ఆగాల కదా ఎవురో ఒకరు."

గార్లదిన్నె వైపు ఒక ఊళ్ళో మా సంఘానికి చెందిన రైతు ఒకాయన, పంట మూడో ఏడు కూడా ఎండిపోయాక, తన ప్రాణం తనే తీసుకున్నాడు. అలాంటి చావుకు ప్రార్థన చేయొచ్చా, పాట పాడొచ్చా అని సంఘ పెద్దల్లో తర్జనభర్జన మొదలైంది. వాళ్ళు తేల్చుకునేలోపు వదిన డ్యూటీ మార్పించుకుని, కీబోర్డు దుప్పట్లో చుట్టి, నన్ను వెంటబెట్టుకుని బస్సెక్కింది. ఆ ఇంటి ముందు జనం పలచగా ఉన్నారు. ఆయన భార్య గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది, చంకలో బిడ్డ. వదినను చూసి, "మాకు పాట ఉండదన్నారు కదక్కా," అన్నది.

"ఎవురన్నారు? ఎట్ల పోయినాడని పాట అడగదమ్మా," అని వదిన అక్కడే అరుగు మీద కీబోర్డు పెట్టింది.

ఆ రోజు చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ఒక్క చరణం దాటడానికే ఎంతసేపో పట్టింది. ఎండ నడినెత్తికి వచ్చింది, బిడ్డ ఏడ్చి నిద్రపోయాడు, వదిన ఎడమ చిటికెన వేలు ఆ ఒక్క మెట్టు మీదే ఉంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆమె కుడిచేత్తో ఆ చిటికెన వేలిని ఒత్తుకుంటూ కూర్చుంది. మర్నాడు పెద్దలు మందలించారు. సరేనని తల ఊపి వచ్చింది. ఆ తర్వాత కూడా అలాంటి చావులకు వెళ్తూనే ఉంది, ఆ ఏళ్ళలో వాటికి కొదవ లేదు.

కొన్నాళ్ళకు గుత్తికి వేగంగా నడిచే నెట్టు లైను వచ్చింది. బొమ్మలే కాదు, కదిలే వీడియోలు కూడా చూడొచ్చు. కొత్త పాట ఏదైనా నేర్చుకుంటుందని వదినను పిలిచి, ఒక పియానో పాఠం తెరిచి పెట్టాను. అందులో ఒక తెల్లాయన చేతులు చూపిస్తున్నాడు. వేళ్ళ మీద అంకెలు వేసి ఉన్నాయి. బొటనవేలు ఒకటి. చిటికెన వేలు ఐదు. కుడిచెయ్యి కుడివైపున, ఎడమచెయ్యి ఎడమవైపున, ఎవరి చోట వాళ్ళు కూర్చున్నట్టు హాయిగా ఉన్నాయి. వదిన కళ్ళార్పకుండా చూసింది. మళ్ళీ మొదటి నుంచి పెట్టమంది. అదీ అయ్యాక తన చేతులు బల్ల మీద పెట్టుకుని వాటిని చూసుకుంది.

ఇన్నేళ్ళ చాకిరీ, రాతిబండ మీద అరగదీసిన గోళ్ళు, భుజాల నొప్పి, అంతా ఒక్క బొమ్మ రాకపోబట్టి కదా అనుకున్నాను.

"ఇంత సులువా ఇది?" అన్నది వదిన.

"ఇప్పుడన్నా మార్సుకోవచ్చు వదినా."

మార్చుకోవాలని చూసింది పాపం. ఇంట్లో కూర్చుని చేతులు విడదీసి పెట్టుకునేది. వేళ్ళు మాట వినేవి కావు. పాట ఎక్కడో ఒకచోట తెగిపోయేది. కొన్ని రోజులు చూసి, మళ్ళీ చేతులు అడ్డంగా వేసుకుంది. "నేను వాయించి పంపినోళ్ళు ఎవురూ తిరిగొచ్చి తప్పు వాయించినావని అడగలేదు గదప్పా. పోనీలే," అని నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. అమ్మ మాత్రం చాట పక్కన పెట్టి, మొదటిసారి ఆమె తరఫున మాట్లాడింది. "ఆయప్పదే తప్పేమో. ఒకటంటే సిటికెన వేలు కాక ఇంగేది?"

గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఆ తర్వాతి ఏడు కీళ్ళ జ్వరం వచ్చింది. చికున్‌గున్యా అన్నారు. ఇంటింటా మంచం పట్టారు. జ్వరం తగ్గినా వదిన వేళ్ళ వాపు తగ్గలేదు. పొద్దున లేస్తే పిడికిలి మూసుకునేది కాదు, మూస్తే తెరుచుకునేది కాదు. చీపురు పట్టుకోవడానికే కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పైగా ఆ ఏడు ముసలివాళ్ళు చాలామంది పోయారు. మందుల షాపులో అడిగితే ఏదో నొప్పి మాత్ర ఇచ్చారు. అది వేసుకుంటే కాసేపు వేళ్ళు వంగేవి. ఎవరైనా పోయారని కబురు రాగానే, కీబోర్డు దుప్పట్లో చుట్టేముందు ఒక మాత్ర మింగేది. తోటలో గుంట ఆలస్యమైతే ఇంకొకటి. మామూలు రోజుల్లో కూడా, చేతులు గట్టిపడితే ఎలాగని, రోజూ వేసుకోవడం మొదలుపెట్టింది.

డాక్టరుకు చూపించుకోమని నేనూ అమ్మా పోరాం. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. "నా తర్వాత ఒకరన్నా తయారు కానీ, అప్పుడు సూపించుకుంటా," అనేది. తయారు చేయాలని ఆమె చూడకపోలేదు. చర్చిలో ఆడపిల్లలను కూర్చోబెట్టి నేర్పింది. ఒక అమ్మాయికి కాస్త చెయ్యి తిరిగేసరికి ఇంట్లోవాళ్ళు బెంగళూరుకు వలస పోయారు. ఇంకొకామె బట్టల ఫ్యాక్టరీలో పనికి పోయింది. ఈ నేల మీద నీళ్ళు నిలవవు, మనుషులూ నిలవరు. మీరు నేర్చుకోలేదా అని నన్ను అడగొచ్చు. నాకు పాటకూ బోరు మోటారు చప్పుడుకూ తేడా తెలియదు, వదినే నన్ను వదిలేసింది.

అప్పటికి నేను నెట్టు సెంటరు మూసేసి అనంతపురం ప్రెస్సులో చేరాను. కాళ్ళు ఉబ్బి, ముఖం ఉబ్బి, అన్నం సహించక పడిపోయాక వదినను అనంతపురం తీసుకొచ్చాను. మూత్రపిండాలు రెండూ చెడిపోయాయని, అన్నేళ్ళుగా మింగిన నొప్పి మాత్రలే కారణమని డాక్టరు చెప్పాడు. ఏ పని చేస్తుందని అన్ని మాత్రలు వేసుకుంది అని అడిగాడు. స్టేషన్లో ఊడ్చే పని అని చెప్పాను. అసలు సంగతి చెబితే ఆయనకు అర్థమవుతుందనిపించలేదు. ఆ డాక్టరు మంచివాడే. అయినా ఆ మధ్యాహ్నం నాకు ఆయన మీద, మాత్రల మీద, ఆ పియానో మీద, రాకుండా పోయిన వానల మీద ఒకటే కోపం వచ్చింది.

ఆసుపత్రి మంచం మీద ఒక సాయంత్రం ధైర్యం చేసి అడిగాను. "వదినా, నీకు..." అని ఆగిపోయాను. ఆమెకు తెలిసిపోయింది.

"నాకేముందప్పా, నాకు ఇనపడదు గదా. టేపే పెట్టండి," అన్నది. "ఇనపడేది అత్తకు. ఆయమ్మ మీ అన్నకు ఏడవలేదు. యాడ ఏడుస్తాదో తెల్దు. అప్పుడు ఆగేవాళ్ళు ఉండాల."

ఆ తర్వాత గుత్తికి తీసుకుపొమ్మంది. తీసుకెళ్ళి దించి, పని వదిలి ఎక్కువ రోజులు ఉండలేక వెనక్కి వచ్చాను. వారం తిరక్కుండానే అమ్మ ఫోను.

నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు స్నానం చేయించి, తెల్లచీర కట్టి పెట్టెలో పడుకోబెట్టారు. చేతులు రెండూ రొమ్ము మీద అడ్డంగా కట్టి ఉంచారు, మా వాళ్ళలో అందరికీ అలాగే పెడతారు. కీబోర్డు గూట్లో దుప్పటి కప్పుకుని ఉంది. దాన్ని తీయడానికి ఎవరికీ చేతులు రాలేదు. తీసినా వాయించేది ఎవరు?

తోటలో ఈసారి పాతకాలపు టేపు కాదు. మైకుసెట్టు, సీడీ, జనరేటరు అన్నీ తెప్పించారు సంఘం వాళ్ళు, ఆమె మీద గౌరవంతోనే. గుంట ఇంకా పూర్తి కాలేదు. పెట్టెను నీడలో దించి, చివరి చూపుకు మూత తీసి, పాట పెట్టారు. ఎక్కడో మద్రాసులో పాడించిన గొంతులు, శుభ్రమైన పియానో. జనం అందుకున్నారు. రెండో చరణం దగ్గర, ఒక్కసారి, మా అమ్మ గొంతు లేచింది. అది పాట కాదు. అన్న పోయినప్పటి నుంచి లోపల పెట్టుకున్నదంతా అప్పుడు బయటికి వచ్చింది. అమ్మ అలా ఏడవడం నేనెన్నడూ వినలేదు.

పాట ఆగలేదు. మైకులోంచి చరణం తర్వాత చరణం సాగిపోతూనే ఉంది. జనం ఆగిపోయారు. ఏళ్ళ తరబడి అలవాటైన జనం, ఏడ్చే మనిషి ముఖం చూసి ఆగిపోయారు. ఎవరూ లేకుండా మైకు ఒక్కటే కాసేపు పాడింది. సంఘ పెద్ద, ఆ రోజు తాళం ఇచ్చినాయనే, పోయి తీగ పీకేశాడు. జనరేటరును కూడా ఎవరో ఆపారు. గుంటలో ఉన్నవాళ్ళు గడ్డపారలు దించారు. అంతమంది జనం ఎండలో, ఒక్క మాట లేకుండా, మా అమ్మ కోసం నిలబడ్డారు. ఎంతసేపో నాకు తెలియదు. ఎవరూ దగ్గలేదు, ఎవరూ కదల్లేదు.

ఏడుపు దిగాక అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని పెట్టె దగ్గరికి వెళ్ళింది. వంగి చూసింది. కోడలి చేతులు కట్టిన గుడ్డముక్క మెల్లగా విప్పింది. మేమంతా ఎందుకో అర్థంకాక చూస్తున్నాం. ఆడవాళ్ళు కుడిచెయ్యి పైన పెట్టారు. అమ్మ దాన్ని తీసి కింద పెట్టి, ఎడమచేతిని దాని మీదుగా కుడివైపుకు చాపి, చిటికెన వేలిని తన వేళ్ళతో సాఫు చేసి నిలిపింది. మళ్ళీ కట్టలేదు.

"ఇప్పుడు పాడండి," అన్నది మా వైపు తిరిగి.